ఫ్రేములో మొహం లేదు

2008 జూన్ 9, సోమవారం

బుచ్చన్న ఇవాళ కూడా అయిదే అన్నాడు.

మనసు ఎట్లా ఉందో ఒకటి నుంచి పది దాకా ఒక నంబర్ చెప్పాలి. చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తరువాతి పేజీకి పోదు. నేను వనపర్తిలో ఎరువుల దుకాణం మీది గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని అడుగుతాను. ఆయన గద్వాలలో నెట్ సెంటర్ మూలన ప్లైవుడ్ డబ్బాలో కూర్చుని వింటాడు. మధ్యలో యాభై కిలోమీటర్లు, కృష్ణానది, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. దీని పేరు ఆన్‌లైన్ కౌన్సెలింగ్. మొదలుపెట్టిన రోజు పేపర్లో కూడా వేశారు.

గత రెండు వారాలలో మీరు దైనందిన కార్యకలాపాల పట్ల అనాసక్తతకు లోనయ్యారా? ఇది స్క్రీన్ మీది ప్రశ్న. ఎవడు రాశాడో కనబడితే రెండు తగిలిద్దును. నా మాటల్లో చెప్పేలోపే సెంటర్ నడిపే బాలన్న డబ్బా తలుపు తీసి, పని మీద మనసు వడుతుందా లేదా అని అడుగుతున్నరన్నా, ఏదో ఒకటి జెప్పి లే, బయట ఇద్దరు రైలు రిజర్వేషన్ కోసం నిలవడ్డరు అన్నాడు. బుచ్చన్న అయిదు అన్నాడు. బాలన్న శభాష్ అన్నాడు.

నలభై నాలుగేళ్ళ మనిషి. చీరలు నేస్తాడు. ఉగాది అయిన వారానికి కృష్ణ మీది బీచుపల్లి బ్రిడ్జి రెయిలింగ్ ఎక్కబోతే ఒక లారీ క్లీనర్ నడుం పట్టుకుని దించాడు. ఫైలులో అది ఒక టిక్ మార్క్. మూడు సెషన్లయ్యాయి, ఎందుకు ఎక్కాడో నాకు తెలియదు. మళ్ళీ ఎక్కితే ఆ క్లీనర్ ఉంటాడా?

మూడ్ చార్ట్ ప్రింట్ తీసి ఇమ్మని బాలన్నకు చెప్పాను. రోజూ మనసు ఎట్లుందో దాంట్లో గుర్తు పెట్టి వచ్చే సోమవారం పట్టుకు రమ్మన్నాను. బుచ్చన్న తల ఊపాడు. ఇంటికి పోనిస్తున్నానని ఊపాడు, ఇంకేం లేదు.

జూన్ 10

హైదరాబాద్ నుంచి శ్రీనాథ్ మెయిల్. మా ప్రాజెక్ట్ మేనేజర్. సెషన్లన్నీ రికార్డ్ అవుతాయి, ఆయన చూస్తాడు. ట్రైనింగ్ కోసమే అని చేరినప్పుడు చెప్పారు. క్లయింట్ 117, ఫేస్ నాట్ ఇన్ ఫ్రేమ్, పదకొండు నిమిషాలు, సెషన్ ఇన్‌వాలిడ్. ప్లీజ్ ఇంప్రూవ్.

తల ఎత్తుకోగలిగిన మనిషి నా దగ్గరికి ఎందుకొస్తాడయ్యా?

జూన్ 13

పాన్‌గల్ నుంచి నాన్న ఫోన్. వాన లేదన్నాడు. ఇక్కడ కూడా లేదన్నాను. పెట్టేశాడు.

జూన్ 16, సోమవారం

 ఇవాళ ఒక్కరోజుకి కోపం లేదు.

చార్ట్ తెచ్చారా అని అడిగాను. బుచ్చన్న చేతిసంచిలోంచి మడత పెట్టిన చీర తీశాడు. విప్పి కెమెరాకు అడ్డం పట్టాడు. స్క్రీన్ అంతా మెరూన్ రంగు. ఇదేందన్నా, నీకు ఇచ్చిన కాయితమేది అని బాలన్న వెనక నుంచి అరుస్తున్నాడు. బుచ్చన్న వినలేదు. చీర మీద వేలు పెట్టాడు.

మధ్య బట్ట నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే గీత మీద వేలు. ఇగో ఈడ సూడు మేడం, ఇది సక్కగున్నది, గా దినం నాకు జర నిద్రపట్టింది అన్నాడు. వేలు రెండంగుళాలు జరిపాడు. ఈడికొచ్చేసరికి అతుకు వదులైంది, సూసినవా, చెయ్యి ఆడిందిగాని నేను ఆడ లేను అన్నాడు. ఇంకో జానెడు జరిపాడు. ఈడ దెబ్బ ఎక్కువ పడ్డది, బట్ట గట్టిపడ్డది, గా దినం కోపం అన్నాడు. కొంగు దాకా పోయాడు. అది నలభై రోజుల బతుకు. ఎక్కడ అన్నం సహించలేదో, ఎక్కడ ఎవరితో మాట్లాడకుండా ఉన్నాడో, ఎక్కడ మూడు రోజులు మగ్గం ముట్టలేదో అన్నీ ఉన్నాయి. షావుకారు వద్దని తిప్పి పంపిన చీరట. అందుకే ఇంట్లో ఉందట.

రోజూ ఎట్లుందో చూపించమన్నరు గద, మల్ల కాయితం మీద రాసుడెందుకు, ఇది ఉన్నది గద అన్నాడు.

ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. మొహం ఒక్కసారి కూడా కనబడలేదు. వేలు కనబడింది. సైకాలజీ ఎమ్మేలో రెండేళ్ళు చదివిన స్కేళ్ళన్నీ ఆ వేలి ముందు దండగ అనిపించింది. హెడ్‌ఫోన్ తీసి కాసేపు ఏడ్చాను.

జూన్ 18

శ్రీనాథ్ ఫోన్ చేశాడు. ముందు నవ్వాడు. ఏంటండీ నవనీతగారూ, కౌన్సెలింగా, చీరల ఎగ్జిబిషనా అన్నాడు. నేను మొత్తం చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతా విని, ఇంట్రస్టింగే కానీ డేటా కాదు కదండీ అన్నాడు. ఫండింగ్ వాళ్ళు నంబర్ అడుగుతారట. ఫేస్ అడుగుతారట.

వరుసగా మూడు సెషన్లు ఇన్‌వాలిడ్ అయినా, క్లయింట్ రాకపోయినా నెలాఖరుకు ఫైలు దానంతటదే మూసుకుంటుందని గుర్తు చేశాడు. బుచ్చన్నకు ఇప్పటికి రెండు. ఫైలు మూసుకుంటే హైదరాబాద్ డాక్టరుగారి ప్రిస్క్రిప్షన్ గద్వాలలో ప్రింట్ కాదు. ప్రింట్ రాకపోతే సంస్థ సెంటర్లో ఉంచిన మాత్రలు బాలన్న ఇవ్వడు. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఇది శ్రీనాథ్‌కు తెలుసు. నాకంటే బాగా తెలుసు.

జూన్ 23, సోమవారం

బుచ్చన్న రాలేదు. ఖాళీ కుర్చీని ముప్పై నిమిషాలు చూశాను.

పన్నెండింటికి ఆయన భార్య రామేశ్వరమ్మ ఫోన్. నంబర్ బాలన్న ఇచ్చాడట. గా డబ్బల కూసోబెడితే పోలీసు టేషన్ల ఫోటో దించినట్ల ఉంటదంటుండు మేడం, నేను రానంటుండు అంది. మరి ఎక్కడైతే మాట్లాడతాడమ్మా అని విసుగ్గానే అడిగాను. మగ్గం కాడ ఎవలతోనన్న మాట్లాడుతడు, చేతులు ఆడుతుంటే నోరు ఆడుతది ఆయనకు అంది.

ఇంత చిన్న ముక్క చెప్పడానికి ఆమె కావలసి వచ్చింది. నేనూ నా డిగ్రీ.

స్పీకర్ పెట్టి మగ్గం పక్కన పెట్టమన్నాను. చైనా ఫోన్, వీధంతా వినబడే స్పీకర్. కానీ మగ్గం చప్పుడులో ఆయన మాట నాకు తప్ప ఇంకెవరికీ వినబడదు. డబ్బా ప్లైవుడ్ కంటే అదే నయం.

గంట మాట్లాడాడు. మాట కంటే మగ్గం ఎక్కువ చెప్పింది. సాగేటప్పుడు దెబ్బలు సమంగా పడతాయి. ఏదైనా తగిలితే ఒక దెబ్బ ఆలస్యం. ఇంకా లోపలికి పోతే ఆగిపోతుంది. ఆగితే నేను ప్రశ్న మార్చాను. మళ్ళీ మొదలయ్యింది. నంబర్ అడగలేదు.

సాఫ్ట్‌వేర్‌లో, నో షో. మూడోది. ఫైలు పోతుందని తెలుసు. పోనీలే, మేనేజర్ చేతిలో ఒక బటన్ ఉంటుంది, తెరుస్తాడు అనుకున్నాను.

జూన్ 30, సోమవారం

తెలిసింది.

గద్వాల చీరకు మూడు నాడెలు, పోగును అటూ ఇటూ మోసే కొయ్యలు. ఈ అంచుకు ఒకటి, మధ్య బట్టకు ఒకటి, ఆ అంచుకు ఒకటి. ఒక్క మనిషితో అయ్యేది కాదు. పక్కన ఇంకొకరు కూర్చుని అందించాలి. బుచ్చన్న పక్కన ఇరవై రెండేళ్ళు ఆయన అన్న మల్లన్న కూర్చున్నాడు. దసరా తరువాత కామెర్లతో పోయాడు. ఆ చోట రామేశ్వరమ్మ కూర్చుంది.

ఆమె చెయ్యి ఆలస్యం. అన్న చెయ్యికి అలవాటుపడ్డ చెయ్యి ఈయనది. ప్రతి వరసకూ అన్న లేడని తెలుస్తూనే ఉంటుంది. నెలల తరబడి. ఒకరోజు నాడె తీసుకుని ఆమె మీదికి విసిరాడు. కనుబొమ్మ పైన చీలింది. మూడు కుట్లు. అదే మధ్యాహ్నం బీచుపల్లి పోయాడు.

ఇది చెప్పేటప్పుడు మగ్గం ఆగిపోయింది. నేను ప్రశ్న మార్చలేదు. ఫోన్‌లో ఏమీ లేదు, ఎక్కడో కోడి కూత. అప్పుడు రామేశ్వరమ్మ గొంతు. ఆమె పక్కనే ఉంది, అన్నీ వింది. గాయం మానిందని నీకు ఎవలు జెప్పాలె, దినాం చూస్తలేవా, నాడె ఇయ్యి అంది.

కాసేపటికి మగ్గం మొదలయింది.

డబ్బాలోకి కుటుంబసభ్యులను అనుమతించరాదు, మా రూల్ నంబర్ నాలుగు. అంటే ఆ మాట అనవలసిన ఒకే ఒక్క మనిషిని నాలుగు సోమవారాలు తలుపు బయట నిలబెట్టాం.

జూలై 1, ఉదయం

117 క్లోజ్డ్. రీజన్: డ్రాపౌట్.

జూలై 1, సాయంత్రం 4

బాలన్న మాత్రలు ఇవ్వలేదు. నేనేం జెయ్యాలె మేడం, ప్రింటు రాకుంటే నా కొలువు వోతది అన్నాడు. ఆయన తప్పు లేదు. అయినా ఆయన మీదే అరిచాను.

శ్రీనాథ్ మూడోసారికి ఎత్తాడు. రెండు సోమవారాలు ఫోన్‌లో మాట్లాడాడని చెప్పాను. ఆఫ్ ప్లాట్‌ఫామ్ కాంటాక్ట్ సీరియస్ విషయం అండీ అన్నాడు. బటన్ ఉందా లేదా అన్నాను. ఉందట. ఒక్క వాలిడ్ సెషన్ చేస్తే తెరుస్తాడట. ఇరవై నిమిషాలు, ఫేస్ ఇన్ ఫ్రేమ్, స్కోర్ ఎంట్రీ. అంతే కదండీ, మీరెందుకంత ఎమోషనల్ అవుతారు అన్నాడు.

బుచ్చన్న దగ్గర మూడు రోజుల మాత్రలున్నాయి. వాటిని పొద్దుకు ఒక్కటే చేసి సోమవారం దాకా లాగమని డాక్టరుగారు ఫోన్‌లో చెప్పారు. నేను రామేశ్వరమ్మను బతిమాలాను. ఒక్కసారి కూర్చోమనమ్మా, నా కోసం అన్నాను. నా కోసం! సిగ్గు లేకుండా.

జూలై 7, సోమవారం

వచ్చాడు. గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, నూనె రాసి దువ్వుకుని వచ్చాడు. ఫోటో స్టూడియోకి వచ్చినట్టే. కెమెరాలోకి నేరుగా చూశాడు. ఇరవై నిమిషాలు కళ్ళు తిప్పలేదు. నేను అనాసక్తత అడిగాను, నిస్సహాయత అడిగాను. ఊ అన్నాడు. పద్దెనిమిదో నిమిషంలో కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే చెయ్యి అడ్డం వస్తుందని నేనే ముందు చెప్పి ఉన్నాను.

అయిదు.

ఫైలు తెరుచుకుంది. పదిహేను రోజుల మాత్రలు ఇచ్చారు. శ్రీనాథ్ నుంచి మెయిల్, ఎక్సలెంట్ సెషన్, పక్కన నవ్వు బొమ్మ.

జూలై 10

ఫోన్ చేస్తే రామేశ్వరమ్మ మెల్లగా మాట్లాడింది. వెనక మగ్గం లేదు.

జూలై 14, సోమవారం, ఉదయం 10.10

రామేశ్వరమ్మ ఫోన్. పొద్దుగాల్నే ఎల్లిపోయిండు, చెప్పులు ఈడనే ఉన్నయి అని ఏడుస్తోంది.

మిగతా ముక్క ఆమె నోట్లోంచి ఊడలాగాను. శనివారం గద్వాలలో ఫంక్షన్ హాల్లో మా సంస్థ మీటింగ్. నన్ను పిలవలేదు. తెర మీద ఒక వీడియో వేశారట, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఎట్లా పనిచేస్తుందో. తెల్లచొక్కా, నూనె దువ్విన తల, కారుతున్న కళ్ళు, తెరంత మొహం. కింద కుర్చీల్లో షావుకారు, చేనేత సొసైటీ వాళ్ళు, సగం నేతగాళ్ళ వీధి. కలెక్టరాఫీసు నుంచి ఎవరో చప్పట్లు కొడితే అందరూ కొట్టారట. రెండు రోజుల నుంచి పిల్లలు వీధిలో ఆయన ఏడుపు ఏడ్చి చూపిస్తున్నారట.

నేనే కూర్చోమన్నాను. నేనే తుడుచుకోవద్దన్నాను.

బస్సు. 11.40

పెబ్బేరు దాటింది. రాత వంకర పోతోంది. శ్రీనాథ్‌కు ఫోన్ చేశాను. మొహం బ్లర్ చేయమని వెండర్‌కు చెప్పామండీ, మిస్ అయినట్టుంది అన్నాడు. బస్సులో అందరూ తిరిగి చూసేట్టు తిట్టాను. పాన్‌గల్‌లో మా తాత ఎద్దుల్ని కూడా ఆ మాట అనేవాడు కాదు. ముందు సీటు పెద్దాయన పిల్లవాడి చెవులు మూశాడు.

12.05

బీచుపల్లి బ్రిడ్జి మీద బస్సు ఆపించి దిగాను. కండక్టర్ ఏదో అంటున్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా రెయిలింగ్ పట్టుకుని నడిచాను. కిందికి చూశాను. నీళ్ళు తక్కువ, బండలు ఎక్కువ. ఒక తెల్లటిది కనబడి ప్రాణం పోయింది. ఎవరో ఆరేసిన పంచె.

లారీలు పోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

సాయంత్రం 5, గద్వాల

ఉన్నాడు. బతికే ఉన్నాడు.

ముందు నెట్ సెంటర్‌కి పోయాను. డబ్బాలో కంప్యూటర్ మీద కెమెరా లేదు. తొమ్మిదింటికి బుచ్చన్న వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా వైరుతో సహా పీకి తువ్వాలలో చుట్టుకుని పోయిండు మేడం, నాకు అడ్డం పోవ ధైర్యం కాలె అన్నాడు బాలన్న.

కృష్ణలో పడేద్దామని పోయాడట. తను పడడానికి కాదు, కెమెరాను పడేయడానికి. ఎర్రవల్లి చౌరస్తా దాకా పోయి, బాలన్న కొలువు పోతుందేమోనని బస్సు మారి తువ్వాల మూటతోనే వెనక్కి వచ్చాడట. నేను బ్రిడ్జి మీద కిందికి చూస్తున్నప్పుడు ఈయన ఇంట్లో జొన్నరొట్టె తింటున్నాడు. నాకు నవ్వు రాలేదు. రామేశ్వరమ్మ మాత్రం నన్ను పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. కనుబొమ్మ పైన గీత మొదటిసారి చూశాను. చిన్నదే.

బుచ్చన్న నన్ను చూసి లేవలేదు. నా మొకం నీకు సూపెట్టిన, ఊరికి సూపెట్టలే అన్నాడు. గొంతు పెంచలేదు. ఇప్పుడడుగు నీ నంబరు అన్నాడు.

అడగలేదు. తప్పయింది అన్నాను. సంస్థ తప్పు, శ్రీనాథ్ తప్పు అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నేను కూర్చోబెట్టాను, నాదే తప్పు అన్నాను.  ఆయన పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు.

రామేశ్వరమ్మ చేతికి నాడె అందడం లేదు. నువ్వు కూసో మేడం, పొద్దటిసంది ఏం తినలే నేను అంది. మల్లన్న చోట కూర్చున్నాను. ఆయన ఇటు తోస్తే నేను అందుకోవాలి, దారం కొక్కెం వేసి మళ్ళీ ఇవ్వాలి. పది సార్లకు ఏడు తప్పు. జర సూస్కోని ఇయ్యి అని కసిరాడు. ఇంకోసారి కసిరాడు. కెమెరాలో ఏది అడిగినా అయిదు తప్ప పలకని మనిషి, నన్ను తిడుతూ ఒక పూట నేశాడు.

లేచేటప్పుడు నేసినంత మేర అతుకు మీద వేలు పోనిచ్చాడు. ఒకచోట రెండు వేళ్ళ మందం వదులు, దాని పక్కనే గట్టి ముద్ద. ఇది మేడంది అన్నాడు రామేశ్వరమ్మతో. ఇది షావుకారు తీస్కోడు అంది ఆమె. తీస్కోకుంటే ఉండనీ అన్నాడు.

జూలై 15

శ్రీనాథ్ రెండు విషయాలు చెప్పాడు. కెమెరా మీద పోలీసు కంప్లైంట్ ఇమ్మన్నాడు. వీడియో మాట బయట ఎక్కడా అనవద్దన్నాడు.

బుచ్చన్న మీదికి, బాలన్న మీదికి రాకుండా కెమెరా నేనే తెచ్చానని రాసిచ్చాను. తిరిగి ఇవ్వనని కూడా రాశాను. ఆ వీడియో ఎవరు తీశారు, ఎవరు వేశారు, ఎవరిని అడగలేదు అన్నది తారీఖులతో సహా రాసి డాక్టరుగారికి, ఫండింగ్ వాళ్ళకు, అయిజ, మన్ననూర్ సెంటర్లకు పనిచేసే కౌన్సెలర్లందరికీ పంపాను. తప్పులు దిద్దకుండా పంపాను. కింద, రాజీనామా.

డాక్టరుగారు ఒక్కరే ఫోన్ చేశారు. ఆ రికార్డింగులు చెరిపేసేదాకా ఫండింగ్ రిపోర్టు మీద సంతకం పెట్టనని శ్రీనాథ్‌తో అన్నారట. చూద్దాం.

జూలై 19

బుచ్చన్న, రామేశ్వరమ్మ, నేను పొద్దుటి రైలుకి కర్నూలు పెద్దాసుపత్రికి పోయాం. చీటీ రాశారు. నెలకు సరిపడా మాత్రలు. అక్కడి డాక్టర్ కంప్యూటర్ వైపు చూడలేదు. బుచ్చన్న వైపు కూడా పెద్దగా చూడలేదు, క్యూ అట్లా ఉంది. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇక అలవాటైపోయింది నాకు.

తిరిగొచ్చేటప్పుడు బుచ్చన్న కిటికీ పక్కన కూర్చుని, సోమారం పదకొండుకు ఫోన్ జెయ్యి, నేను మాట్లాడకపోయినా పెట్టెయ్యకు అన్నాడు.

జూలై 28, సోమవారం

11.00 మగ్గం.

11.25 ఆగింది.

11.26

11.27

11.28 నాడె ఇయ్యి అన్నాడు. మగ్గం.